గాడ్జిల్లా లాంటి సినిమా మీద జనం రెండుగా చీలితే మీరెలా చూడాలి, ఎలా తేల్చుకోవాలి

గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన ‘గాడ్జిల్లా’ 2014 మే నెలలో వచ్చింది. పదేళ్ళు దాటినా దాని మీద వాదన చల్లారలేదు. ఒకరేమో "పేరు గాడ్జిల్లాది, కనపడేది పట్టుమని పది నిమిషాలు లేదు, ఇది మోసం" అంటారు. ఇంకొకరేమో "ఆ మృగం నిజంగా ఎంత పెద్దదో ఒళ్ళు జలదరించేలా చూపించింది ఈ సినిమానే" అంటారు. ఇద్దరూ చూసింది అవే 123 నిమిషాలు. ఆ తర్వాత వచ్చిన ప్రతి భారీ మృగం సినిమాకీ ఇదే తంతు. ఫైట్లు తక్కువైతే ఒక వర్గం తిడుతుంది, ఎక్కువైతే రెండో వర్గం తిడుతుంది, ఇంకా చూడనివాళ్ళు ఎవరి మాట నమ్మాలో తెలియక మధ్యలో ఉండిపోతారు.

ఈ రకం సినిమాలంటే నాకు ప్రాణం. అవి చూడబోయేవాళ్ళ కోసం, చూసొచ్చి "నాకెందుకో నచ్చలేదు, ఎందుకో చెప్పలేకపోతున్నా" అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కథలో మలుపులు దాచకుండా మాట్లాడతాను కాబట్టి 2014 ‘గాడ్జిల్లా’, 2023 ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చూడకపోతే ముందు అవి చూసి రండి.

సినిమా ఏ మాట ఇస్తోందో ముందే కనుక్కోండి

గాడ్జిల్లాకి రెండు ముఖాలున్నాయి. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షిస్తే, దాని బూడిద సముద్రంలో చేపలు పడుతున్న జపాన్ పడవ ‘లక్కీ డ్రాగన్’ మీద కురిసింది, అందులో ఉన్న 23 మందీ రేడియేషన్ బారిన పడ్డారు. అదే ఏడాది నవంబరు 3న ఇషిరో హోండా తీసిన మొదటి ‘గాడ్జిల్లా’ విడుదలైంది. టోక్యో తగలబడిపోతుంటే ఒక తల్లి పిల్లల్ని ఒళ్ళోకి పొదువుకుని, ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్ళిపోతాం అని వాళ్ళకి చెప్తుంది. తర్వాత ఆసుపత్రిలో ఒక పిల్ల దగ్గర రేడియేషన్ కొలిచే యంత్రం పెడితే అది చిటపటలాడుతుంది, డాక్టరు తల అడ్డంగా ఊపుతాడు. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళే అయిన జనానికి అది కాలక్షేపం కాదు.

మరి 1962కి వచ్చేసరికి అదే గాడ్జిల్లా కింగ్ కాంగ్‌తో కలబడింది. 1964లో మోత్రా, రోడాన్ అనే ఇంకో రెండు మృగాలతో కలిసి మూడు తలల గిడోరా మీదికి వెళ్ళింది. మెల్లగా పిల్లలు చప్పట్లు కొట్టే హీరో అయిపోయింది. ఇది కూడా అసలు గాడ్జిల్లానే. "గాడ్జిల్లా అంటే ఫైట్లు" అన్నవాళ్ళదీ తప్పు లేదు, "గాడ్జిల్లా అంటే భయం" అన్నవాళ్ళదీ తప్పు లేదు. ఎవరి మనసులో ఏ గాడ్జిల్లా ముందు నాటుకుందో అదే వాళ్ళకి అసలైనది. అందుకే ఏ కొత్త సినిమాకైనా వెళ్ళేముందు ఈ రెంటిలో ఇది దేనివైపు మొగ్గుతోందో కనుక్కోండి, సగం నిరాశ అక్కడే తప్పుతుంది.

ఎలా కనుక్కోవాలంటే, దర్శకుడి ముందు సినిమా ఏమిటో చూడండి. ట్రైలర్ కంటే ఇది నమ్మదగ్గ ఆధారం. ఎడ్వర్డ్స్ 2010లో ‘మాన్‌స్టర్స్’ అని చాలా చిన్న బడ్జెట్‌లో ఒక సినిమా తీశాడు, గ్రాఫిక్స్ కూడా తనే చేసుకున్నాడు. పేరు మాన్‌స్టర్స్ అయినా సినిమా అంతా ఇద్దరు మనుషుల ప్రయాణమే, మృగాలు ఎక్కువగా శబ్దంగానో, శిథిలాలుగానో, దూరంగా నీడగానో తెలుస్తాయి. అది చూసినవాళ్ళెవరూ 2014లో పెద్దగా ఆశ్చర్యపోలేదు. పైగా హీరో కుటుంబానికి బ్రోడీ అని పేరు, 1975లో వచ్చిన ‘జాస్’లో పోలీసు అధికారి పేరు అది. ఆ సినిమాకి చేసిన యంత్రపు షార్క్ సముద్రంలో మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండానే భయపెట్టాల్సి వచ్చింది. ఇలా తీయబోతున్నానని ఎడ్వర్డ్స్ హీరో ఇంటిపేరులోనే చెప్పేశాడు.

ట్రైలర్ చూడండి కానీ అందులో షాట్లు కాదు, ఎవరి బాధ వినిపిస్తోందో వినండి. 2014 ట్రైలర్లలో చాలా భాగం బ్రయాన్ క్రాన్‌స్టన్ గొంతే. ఆయన నటించిన టీవీ సీరియల్ ‘బ్రేకింగ్ బ్యాడ్’ అంతకు కొన్ని నెలల ముందే ముగిసింది, ఆయన మీద జనానికి ఉన్న అభిమానం అంతా ఇంతా కాదు. భార్యని పోగొట్టుకున్న ఇంజనీరు నిజం చెప్పమని గొంతు చించుకుంటుంటే ఇది ఆయన కథే అనుకున్నాం అందరం. సినిమాలో సగం కాకముందే ఆ పాత్ర చనిపోతుంది. అక్కడినుంచి కథ మోసేది కొడుకు ఫోర్డ్. దీని మీద కోపం పూర్తిగా న్యాయమైనదని నా అభిప్రాయం. ఇచ్చిన మాట తప్పారు. కానీ గమనించండి, ఇది గాడ్జిల్లా ఎన్ని నిమిషాలు కనపడిందన్నదానికి సంబంధం లేని కోపం, జనం మాత్రం ఎక్కువగా దీన్ని కూడా ఆ లెక్కలోనే వేసేస్తారు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇంట్లో చూస్తుంటే ఈ పనులు చేయకుండా మొదలుపెట్టకండి

"అంతా చీకటి, ఏమీ కనపడలేదు" అనే ఫిర్యాదులో సగానికి పైగా టీవీదే పాపం అనిపిస్తుంది నాకు. భారీ మృగాన్ని రాత్రిపూట, వానలో, పొగలో, దుమ్ములో చూపించడం ఎక్కువ, దానికి కారణం కూడా ఉంది: గాలిలో ఏదైనా ఉంటేనే దూరం తెలుస్తుంది, దగ్గరి కాలు స్పష్టంగా, పైనున్న తల మసకగా ఉంటేనే అది ఎంత ఎత్తులో ఉందో కంటికి అందుతుంది. ఆ మసక మీద ట్యూబ్‌లైటు వెలుతురు పడితే మిగిలేది నల్లటి గోడ.

కాబట్టి గదిలో లైట్లు ఆర్పేయండి. టీవీ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి, కంపెనీని బట్టి పేరు మారుతుంది కానీ పని ఒకటే, సెకనుకి 24 ఫ్రేముల సినిమాకి మధ్యలో లేని ఫ్రేములు కల్పించి ఇరికిస్తుంది. మామూలు సినిమాకి అది కాస్త చిరాకు తెప్పిస్తుందంతే, మృగం సినిమాని మాత్రం సర్వనాశనం చేస్తుంది, ఎందుకంటే బరువంతా కదలికలో ఉంది. 1954లో నటుడు హారువో నకజిమా దాదాపు వంద కిలోల గాడ్జిల్లా రబ్బరు సూట్ వేసుకుని బొమ్మ నగరం మీద నడుస్తుంటే కెమెరాలో ఫిల్ముని మామూలు కంటే వేగంగా నడిపారు, తెర మీద అది నెమ్మదిగా, బరువుగా పడాలని. ఇప్పుడు కంప్యూటర్లో చేసేవాళ్ళు కూడా అదే నెమ్మదితనం కోసం తంటాలు పడతారు. టీవీ దాన్ని నున్నగా జారేలా చేస్తే మృగం కాస్తా వీడియో గేమ్ బొమ్మైపోతుంది. ఫిల్మ్‌మేకర్ మోడ్ లేదా సినిమా మోడ్ ఉంటే పెట్టండి. హెడ్‌ఫోన్లు మంచివైతే వాడండి, టీవీకి కింద ఉండే చిన్న స్పీకర్లకి ఆ అడుగుల శబ్దంలో కింది భాగం అందదు. ఫోన్లో మాత్రం చూడకండి, దయచేసి.

చూస్తున్నప్పుడు కెమెరా ఎక్కడుందో గమనించండి

2014 సినిమాలో హొనలూలూ విమానాశ్రయం దృశ్యం తీసుకుందాం, ఎందుకంటే ఈ సినిమా మీద ఉన్న రెండు అభిప్రాయాలూ అక్కడే పుట్టాయి. నగరమంతా కరెంటు పోయింది. సైనికులు మేడ మీదినుంచి వెలుగు తూటాలు పైకి పేలుస్తారు, ఆ ఎర్రటి వెలుతురు పైకి వెళ్తూ వెళ్తూ ఒక గోడలాంటి ఒంటి మీద పాకుతుంది, చివర కనపడకుండానే ఆరిపోతుంది. తర్వాత విమానాశ్రయంలో అద్దాల వెనక జనం. బయట విమానాలు ఒకదాని వెంట ఒకటి పేలుతూ వస్తుంటాయి, ఆ మంటల పక్కన ఒక పాదం దిగుతుంది. పాదమే, మొత్తం తెర నిండా. కెమెరా అక్కడినుంచి పైకి, పైకి, ఇంకా పైకి వెళ్ళి ముఖం చేరుతుంది, ఎదురుగా ఉన్న మూటో అనే ఇంకో మృగాన్ని చూసి గాడ్జిల్లా గర్జిస్తుంది.

కట్. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఇల్లు, ఫోర్డ్ కొడుకు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు, ఇందాక మనం ఎదురుచూసిన ఫైటు ఆ టీవీలో వార్తల ముక్కలుగా నడుస్తోంది. అంతే.

మీకు ఇక్కడ ఏమనిపించిందో నిజాయితీగా గుర్తుపెట్టుకోండి, తర్వాత వేరేవాళ్ళ మాటలు విన్నాక అది మారిపోతుంది. నా వరకు ఆ కోత చాలా సరైనది. అంతవరకూ కెమెరా ఎప్పుడూ మనిషి నిలబడగలిగిన చోటే ఉంది, కిటికీ వెనక, కారులో, మేడ మీద. మనిషి ఎత్తునుంచి చూస్తే ఆ ఫైటు పూర్తిగా కనపడదు, మిగతా ప్రపంచానికి అది టీవీ వార్తే అవుతుంది. కాకపోతే ఆ పని ఒక్కసారి చేయొచ్చు. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కోలో ఫోర్డ్ భార్య షెల్టర్‌లోకి పరిగెత్తుతుంటే గాడ్జిల్లా, రెండో మృగం ఒకదాని మీదికొకటి వస్తాయి, సరిగ్గా అప్పుడే షెల్టర్ తలుపులు మూసుకుంటాయి. ఇది నాకు అనవసరంగా అనిపించింది. మొదటిసారి ఊరించడం, రెండోసారి ఏడిపించడం. ఆ సినిమా అంటే అంత ఇష్టం ఉండి కూడా దీన్ని నేను సమర్థించను.

కానీ చివర్లో దుమ్ములో ఏమీ కనపడనప్పుడు తోక దగ్గర చిన్న నీలం వెలుగు పుట్టి, వెన్ను మీది పలకల మీదుగా ఒక్కొక్కటే వెలిగించుకుంటూ పైకి పాకుతుంది చూడండి, ఆ క్షణం అంత గట్టిగా తగలడానికి అంతవరకూ దాచిపెట్టడమే కారణం. ఆ వెలుగు తర్వాత గాడ్జిల్లా నోటినుంచి వచ్చే నిప్పుని విమానాశ్రయంలోనే చూపించి ఉంటే ఇక్కడ అది ఇంకో ఫైట్ షాట్ అయ్యేది. సైనికులు విమానంలోంచి దూకే దృశ్యం కూడా ఇలాగే చూడండి. కాళ్ళకి కట్టుకున్న ఎర్రటి పొగ గీతలు, మాస్కులో మనిషి ఊపిరి, స్వరకర్త లిగెటి సంగీతంలో ఏడుపు లాంటి గొంతులు, మేఘాల మధ్య పక్కనుంచి జారిపోయే చర్మం. ఆ మనిషి కళ్ళద్దాల్లోంచి చూస్తే తప్ప 355 అడుగుల గాడ్జిల్లా అంటే ఏమిటో తెలియదు.

"మృగం తక్కువ" అన్నప్పుడు నిజంగా ఏది తక్కువైంది?

ఈ వాదనలన్నిట్లో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే. స్క్రీన్ టైమ్ లెక్క మీద ఎప్పుడూ ఆగిపోకండి. ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లు కనపడేది దాదాపు 15 నిమిషాలు. ఎవరైనా తక్కువన్నారా? ‘గాడ్జిల్లా మైనస్ వన్’లోనూ గాడ్జిల్లా ఎక్కువసేపు ఉండదు, దాని మీద ఈ ఫిర్యాదు పెద్దగా వినపడలేదు. తకాషి యమజాకీ తీసిన ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా వచ్చింది, ఆ పని చేసింది 35 మంది బృందం.

అందులో చెక్క పడవ దృశ్యం గుర్తు చేసుకోండి. పట్టపగలు, నడిసముద్రం, దాచడానికి చీకటీ లేదు, వానా లేదు. చిన్న పాత పడవ, వెనకాలే నీళ్ళ మీద తల తేలుస్తూ తరుముకొస్తున్న గాడ్జిల్లా. పడవలో ఉన్న నలుగురి దగ్గరున్నవి సముద్రంలోంచి ఏరిన బాంబులు, చిన్న తుపాకీ. వాళ్ళలో షికిషిమా ఆత్మాహుతి దాడికి వెళ్ళాల్సి ఉండి, విమానం చెడిందని అబద్ధం చెప్పి దీవిలో దిగినవాడు. ఆ రాత్రి గాడ్జిల్లా వచ్చినప్పుడు విమానం తుపాకీ మీట నొక్కలేకపోతే చుట్టూ ఉన్నవాళ్ళు చనిపోయారు. ఇప్పుడు అతని చేతిలో మళ్ళీ మీట ఉంది. ఆ ముఖం మీద కెమెరా ఉన్నా మనం గాడ్జిల్లా గురించే ఆలోచిస్తాం, గాడ్జిల్లా మీద ఉన్నా అతని గురించే ఆలోచిస్తాం. మృగం తెర మీద లేని నిమిషాల్లో కూడా సినిమాలో ఉంటుంది.

ఫోర్డ్ దగ్గర అది జరగలేదు. చిన్నప్పుడు తల్లి పోయింది, పెద్దయ్యాక తండ్రి కళ్ళముందే పోయాడు, నౌకాదళంలో బాంబులు నిర్వీర్యం చేసేవాడు. కాగితం మీద చూస్తే ఎంత కథ ఉంది! కానీ తండ్రి పోయిన తర్వాత ఆ దుఃఖాన్ని సినిమా పక్కన పెట్టేసింది, అతను ఒక చోటినుంచి ఇంకో చోటికి, ఎప్పుడూ సరిగ్గా మృగాలున్న చోటికే చేరుతూ ఉంటాడు. చివరికి బాంబు దగ్గరికి వెళ్ళినా దాన్ని విప్పలేకపోతాడు, పడవలో పెట్టి పంపించాల్సి వస్తుంది, అంటే అతని చదువు కూడా కథకి పనికిరాలేదు. నటుడు ఆరన్ టేలర్-జాన్సన్‌ని తిట్టడం కూడా సరికాదు, అతనికి రాసిందే అంత. మృగం లేని గంటన్నర మనకి బరువైంది అందుకు. బరువైంది కాబట్టి గడియారం చూశాం, గడియారం చూశాం కాబట్టి నిమిషాలు లెక్కపెట్టాం.

కాబట్టి మీకు "మృగం తక్కువ" అనిపించిన ప్రతి సినిమాకీ ఈ ప్రశ్న వేసుకోండి: ఇంకో పది నిమిషాల ఫైటు కలిపితే నాకు నచ్చేదా, లేక ఆ పది నిమిషాల తర్వాత మళ్ళీ అదే విసుగా? ఫైటు కలిపితే చాలు అనిపిస్తే మీరు నిజంగానే ఫైట్లు కోరుకునే ప్రేక్షకులు, అందులో చిన్నతనమేమీ లేదు, ఆడమ్ వింగార్డ్ తీసిన 2021 ‘గాడ్జిల్లా వర్సెస్ కాంగ్’, 2024 ‘గాడ్జిల్లా x కాంగ్’ మీకోసమే ఉన్నాయి. అయినా విసుగే అనిపిస్తే మీ గొడవ మనుషుల పాత్రలతో, దాన్ని అలాగే చెప్పండి.

దీనికి హాలీవుడ్డే ఒక పరీక్ష పెట్టి చూసింది. 2014 మీద వచ్చిన తిట్లు విన్నాక 2019లో ‘కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్’ వచ్చింది, గాడ్జిల్లా, గిడోరా, మోత్రా, రోడాన్ అందరూ ఉన్నారు, ఫైట్లకి కొదవ లేదు. అడిగింది దొరికిందిగా? అయినా మనుషుల కథ అతకలేదన్నారు, వానా చీకట్లలో ఏమీ తెలియలేదన్నారు. 2014 సినిమా ప్రపంచవ్యాప్తంగా 52 కోట్ల డాలర్లు దాటితే ఇది 39 కోట్ల లోపే ఆగింది. వసూళ్ళకి సవాలక్ష కారణాలుంటాయి, ఒప్పుకుంటాను. కానీ ఫైట్లు పెంచినంత మాత్రాన ఆ ఫిర్యాదు తీరదని మాత్రం తేలిపోయింది.

వాదనకి దిగేటప్పుడు

ఎదుటివాళ్ళని "బాగుందా, బాలేదా" అని అడక్కండి, "ఏ సీన్ దగ్గర నీకు మనసు విరిగింది" అని అడగండి. సమాధానం క్రాన్‌స్టన్ చనిపోయిన చోటు అయితే ఒక సంభాషణ, విమానాశ్రయం కోత అయితే పూర్తిగా వేరే సంభాషణ. సీన్ పేరు చెప్పలేనివాళ్ళతో వాదన సాగదీయకండి, చాలాసార్లు వాళ్ళు విన్న అభిప్రాయమే మళ్ళీ చెప్తుంటారు.

రివ్యూలని లెక్కగట్టే వెబ్‌సైట్ రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతం చూపించి గెలవాలని చూడకండి. అది సినిమాకి వేసిన మార్కు కాదు, ఎంతమంది విమర్శకులు మొత్తం మీద బాగుందన్నారో చెప్పే శాతం మాత్రమే. అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన సినిమాకి 90 రావచ్చు, సగంమంది ప్రాణం పెట్టి, సగంమంది ఛీకొట్టిన దానికి 50 వస్తుంది. భారీ మృగం సినిమాలు రెండో రకమే ఎక్కువ.

రెండోసారి చూడకుండా తీర్పు ఖాయం చేసుకోకండి, ముఖ్యంగా దాచిపెట్టే సినిమాలకి. రెండోసారి ఎదురుచూపు ఉండదు, ఎప్పుడు వస్తుందో తెలుసు, అప్పుడు కళ్ళు షాట్ల మీదికి వెళ్తాయి. 2014 సినిమా రెండోసారి చూస్తే ఇంకా బాగా నచ్చుతుంది. 2019 సినిమాలో గిడోరా మంచులోంచి లేచే చోటు, మోత్రా రెక్కలు విప్పే చోటు నిజంగా అందంగా ఉన్నాయని కూడా రెండోసారే ఒప్పుకోబుద్ధేస్తుంది.

ఇక స్నేహితులకి చూపించాలంటే అందరికీ ఒకటే పెట్టకండి. మనుషుల కథ లేకపోతే కూర్చోలేనివాళ్ళకి ‘మైనస్ వన్’ ముందు చూపించండి. ఎదురుచూపు భరించలేనివాళ్ళకి బాంగ్ జూన్-హో 2006లో తీసిన ‘ది హోస్ట్’ పెట్టండి, మృగం సినిమా మొదట్లోనే పట్టపగలు హాన్ నది ఒడ్డున జనం మీదికి పరిగెత్తుకొస్తుంది, పైగా లోపల ఒక కుటుంబం కథ ఉంది. రాజకీయాలంటే ఆసక్తి ఉన్నవాళ్ళకి 2016 ‘షిన్ గాడ్జిల్లా’. 2011 భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత వచ్చిన సినిమా అది, నగరం కూలుతుంటే అధికారులు ఒక మీటింగ్ రూములోంచి ఇంకో మీటింగ్ రూములోకి మారుతుంటారు. దాన్ని ఫైట్ల కోసం వచ్చినవాళ్ళకి మాత్రం మొదటి సినిమాగా చూపించకండి, సగంలో లేచిపోతారు. 1954 సినిమా ఎవరికైనా చూపించొచ్చు, కాకపోతే రబ్బరు సూట్ చూసి నవ్వుతారనిపిస్తే ఆ తల్లీపిల్లల దృశ్యం వరకూ ఓపిక పట్టమనండి. ఎడ్వర్డ్స్ సినిమాకి వచ్చేసరికి, క్రాన్‌స్టన్ పాత్ర మధ్యలోనే పోతుందని ముందే చెప్పేయండి. ఆ ఒక్క విషయం తెలిసి చూసినవాళ్ళు మిగతా సినిమాని చాలా ప్రశాంతంగా చూస్తారు.